గోమా-అయె

గోమా-అయె జపాను దేశపు ఇళ్ళలో తరచుగా చేసుకొనే ఒక కూరగాయల వంటకం. జపాను భాషలో "గోమా" అంటే నువ్వులు, "అయె" అంటే కలిపినది. ఉడికించిన ఆకుకూరను గానీ లేత బీన్సు కాయలను గానీ వేయించి నూరిన నువ్వులు, సోయా సాస్, చక్కెరలతో కలిపి దీనిని తయారు చేస్తారు. ఇందులో తాలింపు లేదు, కారం లేదు. చల్లారిన తరువాత చిన్న గిన్నెలో కొద్దిగా, అన్నానికి తోడుగా వడ్డిస్తారు.

ఆకును ఉడికించుట

జపానులో దీనికి ఎక్కువగా వాడేది హోరెన్సో అనే ఆకుకూర. మన బజార్లలో పాలకూర పేరుతో అమ్మేది చాలాచోట్ల బీటుదుంప జాతికి చెందిన వేరొక మొక్క. అయినా ఈ వంటకానికి అది చక్కగా సరిపోతుంది.

పావు కిలో ఆకును కాడలతో సహా కడిగి, బాగా మరిగే నీటిలో ముందు కాడలను అర నిమిషం, తరువాత ఆకులను మరో అర నిమిషం ముంచి తీయాలి. వెంటనే చన్నీటిలో వేస్తే పచ్చదనం నిలుస్తుంది. ఉడికించిన నీటిని పారబోయాలి. ఆకులోని వగరును జపానీయులు "అకు" అంటారు (తెలుగు "ఆకు"తో దీనికి సంబంధం లేదు). ఈ వగరుకు ముఖ్య కారణమైన ఆక్సాలిక్ ఆమ్లం కొంతవరకు ఆ నీటితోనే పోతుంది. మూత్రపిండాలలో ఏర్పడే రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటువే కనుక, వాటితో బాధపడేవారికి ఇది గమనించదగిన విషయం. పాలకూరను పప్పులోనే ఉడికించినపుడు ఆ ఆమ్లం కూరలోనే మిగిలిపోతుంది. అయితే పారబోసిన నీటితో పాటు సి విటమిను కూడా కొంత నష్టమవుతుంది.

తరువాత ఆకును గుప్పిట పట్టి గట్టిగా పిండాలి. ఇంట్లో ఈ వంటకం చెడేది సాధారణంగా ఇక్కడే. నీరు మిగిలితే నువ్వుల పొడి జారిపోయి రుచి పలుచనవుతుంది. అనుభవజ్ఞులు ఆకుపై అర చెంచా సోయా సాస్ చల్లి మరొకసారి పిండుతారు. పిండిన ఆకును రెండు అంగుళాలకు మించని ముక్కలుగా కోయాలి.

నువ్వులు

మూడు పెద్ద చెంచాల నువ్వులను సన్నని సెగపై, చిటపటలాడే వరకు దోరగా వేయించాలి. మాడితే చేదు వస్తుంది. జపానీయులు వీటిని లోపల గీతలు గల "సురిబాచి" అనే మట్టి పాత్రలో కర్ర రోకలితో నూరుతారు. నూరే కొద్దీ నువ్వులు పాత్ర గోడలకు అన్నివైపులా అంటుకుంటాయి. అందుకే జపానులో "నువ్వులు నూరడం" అంటే కాకా పట్టడం. మన చిన్న రోలు కూడా ఇందుకు పనికివస్తుంది. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. కొన్ని గింజలు పలుకుగా మిగలడమే మేలు.

ఈ పొడిలో రెండు చిన్న చెంచాల చక్కెర, ఒక పెద్ద చెంచా సోయా సాస్ కలిపి, తినబోయే ముందు మాత్రమే ఆకుకు పట్టించాలి. ముందే కలిపితే ఉప్పదనానికి ఆకు మళ్ళీ నీరు వదులుతుంది. ముదురు రంగు సోయా సాస్ అయితే కొంత తగ్గించి, రుచి చూసి కలుపుకోవాలి. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. గోధుమ పడనివారు జాగ్రత్త వహించాలి.

శాకాహారుల విషయం

చూపుకు పూర్తి శాకాహారమే అయినా, హోటళ్ళలోను కొన్ని ఇళ్ళలోను ఇందులో "దాషి" అనే రసం కలుపుతారు. దానిని తరచుగా ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో కాస్తారు. కనుక బయట తినే శాకాహారులు ముందుగా అడిగి తెలుసుకోవాలి. బౌద్ధాలయాల "షోజిన్" వంటలో చేపకు బదులు కొంబు అనే సముద్రపు నాచుతో గానీ, ఎండిన షిటాకే పుట్టగొడుగులతో గానీ రసం తీస్తారు. పైన చెప్పిన పద్ధతిలో ఏ రసమూ అవసరం లేదు.