మీకు తెలుసా? కారు స్పీకర్ పాటలో సగం తలుపుదే!

కారులో పాట బాగా వినిపించకపోతే అందరి చూపూ ముందు స్పీకర్ మీదికే పోతుంది. కొత్త స్పీకర్లు, పెద్ద యాంప్లిఫయర్ అంటూ వేలకు వేలు పోస్తారు. ఆ స్పీకర్‌ను మోస్తున్న తలుపును పట్టించుకునేవాళ్లు తక్కువ. చాలా కార్లలో అసలు చిక్కు అక్కడే ఉంటుంది. డబ్బు తీసే ముందు తలుపు గురించి ఈ సంగతులు తెలుసుకోండి.

1. స్పీకర్‌కు తలుపే పెట్టె

స్పీకర్ కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది. అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పుడు ముందుగా పోయేది బేసే. నేటి తరహా మూవింగ్ కాయిల్ స్పీకర్‌ను 1925లో లోకానికి పరిచయం చేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అప్పుడే దాన్ని ఓ పలకకు బిగించి, ముందు గాలినీ వెనక గాలినీ విడదీశారు. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని మూసిన పెట్టెలో స్పీకర్ పెట్టి, చిన్న పెట్టెలోంచి కూడా లోతైన బేస్ రాబట్టారు. ఇంట్లో చెక్కపెట్టె చేసే ఆ పనే కారులో తలుపు చెయ్యాలి.

2. ఆ పెట్టెకు చెయ్యి దూరేంత కన్నాలుంటాయి

డోర్ ప్యాడ్ విప్పి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అద్దం మోటారు, తాళం బిగించడానికి లోపలి రేకుకు పెద్ద పెద్ద కన్నాలు వదిలేస్తారు. చాలా కార్లలో వాటి మీద ఉండేది ఓ పలచటి ప్లాస్టిక్ షీటే. అది నీటిని ఆపుతుంది కానీ బేస్‌ను ఆపలేదు. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పొడవైన తరంగానికి, స్పీకర్ వెనక నుంచి కన్నం గుండా ముందుకు రావడానికి పట్టే జానెడు దూరం లెక్కలోకే రాదు. అందుకే వెనక ధ్వని ముందుకొచ్చి బేస్‌ను తినేస్తుంది.

పెద్ద కన్నాలను అల్యూమినియం రేకుతోనో, గట్టి ప్లాస్టిక్ షీట్‌తోనో మూసి, దాని మీద కంపనాన్ని అణిచే డ్యాంపింగ్ షీట్ వెయ్యాలి. రేపు అద్దం మోటారు పాడైతే విప్పుకునేలా మూతను స్క్రూలతో బిగించడం మంచిది. స్పీకర్ చుట్టూ ఫోమ్ గ్యాస్కెట్ కూడా ఉండాలి.

3. తలుపు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు

చాలా కార్లలో బయటి రేకు సుమారు 0.7 మిల్లీమీటర్లే. అంత వెడల్పున్న పలచటి రేకు వెనక స్పీకర్ మోగితే రేకు కూడా తన పాట తాను పాడుతుంది. వేలి కణుపుతో తలుపు మధ్యలో తట్టి చూడండి, ‘డంగ్’ అని కాసేపు మోగుతుంది. అంచు దగ్గర తట్టండి, ఆ మోత తగ్గుతుంది. డ్యాంపింగ్ చేశాక మధ్యలో తట్టినా ‘దబ్’మని ఒక్క దెబ్బతో ఆగిపోతుంది. గాయకుడి గొంతులోని బరువు, మృదంగం ఎడమవైపు నాదం స్పష్టంగా వినిపించాలంటే ఈ అదనపు మోత పోవాల్సిందే.

4. డ్యాంపింగ్ షీట్ కంపనాన్ని వేడిగా మారుస్తుంది

షీట్‌లో రెండు పొరలుంటాయి. కింద జిగురుగా ఉండే బ్యూటైల్ రబ్బరు, పైన అల్యూమినియం రేకు. తలుపు కంపించి వంగినప్పుడు బ్యూటైల్ అడుగుభాగం దానితో పాటే కదులుతుంది. పైనున్న అల్యూమినియం మాత్రం సాగదు. మధ్యలో ఇరుక్కున్న రబ్బరు అటూ ఇటూ లాగబడి, ఆ లోపలి రాపిడిలో కంపన శక్తిని వేడిగా మార్చేస్తుంది. చేతికి తెలియనంత తక్కువ వేడి అది. మోగుతున్న గుడి గంటను అరచేత్తో పట్టుకుంటే నాదం ఆగినట్టే, రేకు మోత ఇక్కడ ఆగుతుంది. ఇలా రెండు రేకుల మధ్య జిగురు పదార్థం కంపనాన్ని ఎలా మింగుతుందో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెర్విన్ 1959లోనే గణితంతో వివరించారు. పైన అల్యూమినియం లేని షీట్ చవకగా దొరుకుతుందని కొంటే ఈ కిటుకే పోతుంది.

5. తలుపంతా అతికించనక్కర్లేదు

ఎక్కువ అతికిస్తే ఎక్కువ లాభం అనుకుంటారు. రేకు ఎక్కువగా ఊగేది మధ్యలోనే కాబట్టి, బయటి రేకు వైశాల్యంలో పావు వంతు దాకా సరైన చోట అతికిస్తే చాలు, మోతలో ఎక్కువ భాగం అణిగిపోతుంది. ఆపైన వేసే ప్రతి ముక్కకూ లాభం తగ్గుతూ, బరువు మాత్రం పెరుగుతూ పోతుంది. 2 మిల్లీమీటర్ల షీట్ చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. నాలుగు తలుపులకూ రెండేసి పొరలు వేస్తే ఆ బరువంతా మోయాల్సింది తలుపు బందులే.

6. బ్యూటైల్‌ది ట్యూబుల వంశం

1937లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ తయారుచేసిన రబ్బరు ఇది. గాలిని బాగా పట్టి ఉంచుతుంది కాబట్టి టైరు ట్యూబుల్లో పేరు తెచ్చుకుంది. కొందరు ఖర్చు తగ్గుతుందని ఇంటి పైకప్పు లీకులకు వాడే తారు షీట్లు తలుపులో వేస్తారు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండలో నిలిపిన కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ వేడికి తారు మెత్తబడి వాసన కొడుతుంది, జారి కిందపడుతుంది. మన ఎండలకు బ్యూటైలే సరి.

7. మోత ఆపడం వేరు, బయటి శబ్దం ఆపడం వేరు

డ్యాంపింగ్ చేయించి, బయటి హారన్లు ఇంకా వినిపిస్తున్నాయని నిరాశపడేవాళ్లున్నారు. డ్యాంపింగ్ షీట్ పని రేకు మోతను ఆపడం. బయటి శబ్దాన్ని అడ్డుకోవాలంటే బరువు కావాలి. అడ్డుగోడ బరువు రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే చదరపు మీటరుకు 5 కిలోల బరువుండే వినైల్ పొరలు విడిగా అమ్ముతారు. అయినా అద్దాల నుంచి, టైర్ల నుంచి వచ్చే శబ్దాన్ని తలుపు ఒక్కటే ఆపలేదు.

8. కిరకిరలకు మందు వేరే

తాళం కడ్డీలు, వైర్లు, డోర్ ప్యాడ్ క్లిప్పులు బేస్ మోగినప్పుడు టకటకలాడతాయి. వైర్లకు మెత్తటి గుడ్డ టేపు చుట్టి, ప్యాడ్‌కూ రేకుకూ మధ్య నీరు పీల్చని ఫోమ్ పెడితే చాలు.

9. తలుపులోకి వాన నీరు రావడం మామూలే

అద్దం పక్క నుంచి దిగిన నీరు తలుపు అడుగునున్న కన్నాల గుండా బయటికి పోయేలా కార్లను తయారుచేస్తారు. డ్యాంపింగ్ చేసేటప్పుడు ఆ కన్నాలు మూసుకుపోతే నీరు లోపలే నిలిచి, తుప్పు మొదలవుతుంది. నీరు పీల్చే స్పాంజి, గోనె, ఎండీఎఫ్ చెక్క రింగులు తలుపులోకి రాకూడదు. పని అయ్యాక పైనుంచి అద్దం మీద చెంబుడు నీళ్లు పోసి, కింద నుంచి కారుతున్నాయో లేదో చూడండి.

10. తలుపులో ప్రాణం కాపాడే సెన్సర్ ఉండొచ్చు

కొన్ని కార్లలో పక్క నుంచి ఢీకొన్నప్పుడు తలుపు లోపలి గాలి ఒత్తిడి పెరగడాన్ని కనిపెట్టి సైడ్ ఎయిర్‌బ్యాగ్‌ను తెరిపించే సెన్సర్ ఉంటుంది. అలాంటి తలుపులో ఏ కన్నం ముయ్యాలన్నా ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగాలి. పాట కోసం ప్రాణరక్షణలో రాజీ పడకూడదు.

11. షీట్ కంటే అతికించే చెయ్యి ముఖ్యం

దుమ్ము, జిడ్డు మీద ఎంత ఖరీదైన షీటూ నిలవదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రేకును శుభ్రంగా తుడిచి, ఆరాక అతికించి, చిన్న రోలర్‌తో గట్టిగా నొక్కాలి. చాలా షీట్ల మీద గళ్ల అచ్చు ఉంటుంది. ఆ అచ్చు చదునయ్యేదాకా రోలర్ తిప్పితేనే అడుగున గాలి లేకుండా అతుక్కున్నట్టు. అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది, గ్లవ్స్ మరవొద్దు.

12. ముందు ఒక తలుపుకే చేయించండి

ఒకవైపు ముందు తలుపు పూర్తయ్యాక బ్యాలెన్స్‌ను ఆ పక్కకీ ఈ పక్కకీ మార్చుతూ ఒకే పాట వినండి. 50 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే శబ్దాన్ని మోగిస్తూ రెండు తలుపుల మీదా చెయ్యి పెట్టి చూడండి. తేడా చెవికీ చేతికీ కూడా తెలుస్తుంది. ఆ తరవాతే కొత్త స్పీకర్ కావాలో వద్దో ఆలోచించండి. చాలామందికి పాత స్పీకరే సరిపోతుంది. సరిపోకపోయినా, కొత్తదానికి పెట్టే ప్రతి రూపాయికీ విలువ దక్కేలా తలుపు సిద్ధంగా ఉంటుంది.