గడ్డిపోచలాంటి మిడత

పిల్లలూ! వానలు వెలిసిన తరువాత పచ్చికబీట్లో నడుస్తూ వుంటే, అడుగు ముందర ఒక గడ్డిపోచ చివాలున ఎగిరి, కొంచెం దూరాన పడి మాయమవుతుంది. అది గడ్డిపోచ కాదు, మిడత. శాస్త్రజ్ఞులు దీన్ని అక్రిడా అంటారు.

దీన్ని గుర్తుపట్టాలంటే ముందు తల చూడండి. చాలా మిడతల తల మొద్దుగా వుంటుంది. దీని తల మాత్రం శంకువులా ముందుకు సాగి వుంటుంది. కళ్ళు దాదాపు ఆ కొసనే వున్నవి. వాటి ముందు రెండు మీసాలు, బల్లపరుపుగా, చిన్న కత్తుల్లా వుంటవి. మీసాలు వెంట్రుకల్లా సన్నగా, ఒంటికంటె పొడవుగా వుంటే అది వేరే జాతి. ఆడది మీ చూపుడు వేలంత వుంటుంది. మగది దాని పక్కన పిల్లలా కనబడుతుంది.

రంగు చూసి మోసపోకండి. ఒకటి పచ్చిగడ్డి రంగు, ఇంకొకటి ఎండుగడ్డి రంగు. రెండూ ఒకే జాతి. అవి రెండు జాతులని నేనే చాలా ఏళ్ళు క్లాసులో చెప్పాను!

దీని చెవులు తలమీద వెతికితే దొరకవు. రెక్కల కింద, పొట్టకు చెరొక పక్కన వున్నవి. ఊపిరి తీసేది కూడా ఒంటి పక్కల వుండే సన్నని రంధ్రాలతోనే.

ఆడది పొట్ట కొసతో నేల తొలిచి గుడ్లు పెట్టి, చుట్టూ నురగ పోస్తుంది. ఆ నురగే గట్టిపడి గుడ్లను కాపాడుతుంది. పిల్లకు రెక్కలు తప్ప తక్కినదంతా తల్లి పోలికే. అయిదారుసార్లు పొర విడిచి పెద్దదవుతుంది.

చిన్నతనంలో మేము మిడత వెనక కాలికి దారం కట్టి ఆడేవాళ్ళం. ఒకనాడు దారం లాగాను. కాలు దారానికి మిగిలింది, మిడత పోయింది. "మళ్ళీ మొలుస్తుందిలే" అన్నారు తోటి పిల్లలు. నేనూ నమ్మాను. బల్లి తోక మొలుస్తుంది గాని, మిడత వెనక కాలు మొలవదు. శత్రువుకు చిక్కినప్పుడు ప్రాణం దక్కించుకోవటానికి మిడత ఆ కాలును తనే మొదలంటా వదిలేస్తుంది. ఆ తరువాత మునుపటి దూకు వుండదు. గోరింకో, తొండో మీద పడితే దానికి ఆ దూకే కదా ఆధారం!

తెల్లవారి చలికి ఇవి చురుగ్గా దూకలేవు. అప్పుడు వెళ్ళి, గడ్డి పక్కన గొంతుక్కూచుని, కదలకుండా చూడండి. మొదట కత్తుల్లాంటి ఆ మీసాలే కనబడతవి.