కుందేలుకి తోడు తేవాలా? ముందు ఆపరేషన్, తర్వాతే జత

పోయిన ఎపిసోడ్‌లో నా వెనకాల సోఫా కింద నుంచి రెండు జతల చెవులు కనిపించాయి కదా, అప్పట్నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, మా ఇంట్లో చిన్న కుందేలు ఉంది, దానికి తోడు తెద్దామనుకుంటున్నాం, ఎలాంటిది తేవాలి?" ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. తోడు తేవాలి. కానీ ఈ ఆదివారమే కాదు. ముందు ఆపరేషన్, తర్వాత పరిచయం, ఆ తర్వాతే ఒకే ఇల్లు. ఈ వరస తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే తప్పించింది నేనే.

అప్పట్లో నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను, వర్క్ ఫ్రమ్ హోమ్. కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్. రెండు నెలల కుందేలు పిల్లని తెచ్చుకుని లడ్డు అని పేరు పెట్టాను. రోజంతా నా కుర్చీ కిందే ఉండేవాడు. కొన్నాళ్లకి ఆఫీసుకి రమ్మని మెయిల్ వచ్చింది. పొద్దున వెళ్తే రాత్రికి రావడం. పాపం ఒక్కడే అయిపోతాడు, ఇంకో పిల్లని తెద్దాం అనుకున్నాను.

మా అమ్మమ్మది కరీంనగర్ వైపు. ఫోన్లో చెప్తే, "చెవులపిల్లి ఒంటిగనే ఉంటది బిడ్డా, చేన్ల ఎన్నడన్న జతగ చూసినవా?" అంది. అమ్మమ్మ మాట తప్పు కాదు, కానీ ఆమె చెప్పేది వేరే జంతువు గురించి. మన చేలల్లో కనిపించేది అడవి కుందేలు. అది బొరియ తవ్వదు, ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది. దాన్ని పట్టుకుని పెంచడం చట్టప్రకారం నేరం కూడా. మనం ఇళ్లలో పెంచుకునేది యూరప్ కుందేలు జాతి. దాని పూర్వీకులు నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికినవి. తెలుగులో రెండిటినీ కుందేలే అంటాం కాబట్టి ఈ తికమక. మన ఇంటి కుందేలుకి తోడు నిజంగానే అవసరం. ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకోవడం, ఆనుకుని పడుకోవడం, ఇవి మనం ఎంత ముద్దు చేసినా ఇవ్వలేనివి.

సరే, ఆ ఆదివారం షాపుకి వెళ్లాను. "ఇది కూడా మగదే అన్నా, గొడవే ఉండదు" అని ఒక తెల్ల పిల్లని చేతిలో పెట్టాడు. చిట్టి అని పేరు పెట్టాను. ఇంటికి తెచ్చి తిన్నగా లడ్డు కేజ్‌లో వదిలేశాను. మొదటి రోజు నుంచే రెండూ ఒకే గిన్నెలో తినడం, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోవడం. వీడియోలు తీసి స్టేటస్‌లు పెట్టుకున్నాను. ఇంత సులువా అనుకున్నాను.

రెండున్నర నెలల తర్వాత ఒక రాత్రి చిట్టి తన పొట్ట మీది బొచ్చు పీక్కుంటోంది. నోటినిండా ఎండుగడ్డి పట్టుకుని ఒక మూల నుంచి ఇంకో మూలకి తిరుగుతోంది. ఏదో చర్మరోగం అనుకుని, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాంలే అని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే కేజ్‌లో ఆరు పిల్లలు. వేలంత ఉన్నాయి, ఒంటి మీద బొచ్చు లేదు, కళ్లు తెరవలేదు. నాలుగు గూటికి దూరంగా ట్రే మీద పడి చల్లబడిపోయాయి. రెండే బతికాయి. బొచ్చు పీక్కోవడం అంటే గూడు కట్టుకోవడం అని నాకు రాత్రే తెలిసుంటే, ఒక అట్టపెట్టె పెట్టి లడ్డుని వేరే గదిలోకి మార్చి ఉంటే, ఆ నాలుగింటిలో కొన్నైనా బతికేవేమో. ఇది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

డాక్టర్ గారు తిట్టలేదు. "మగదాన్ని ఇప్పుడే, ఈ నిమిషమే వేరు చేయండి. పిల్లలు పుట్టిన రోజే మళ్లీ కడుపు నిలవచ్చు" అన్నారు. కుందేలు గర్భం దాదాపు 31 రోజులే. లెక్క వేసుకోండి, నెలకో కాన్పు. ఆ రెండు పిల్లలకీ ఎనిమిది వారాలు నిండాక, రెండూ ఆడవే అని డాక్టర్ గారితో చూపించుకుని, ఆపరేషన్ చేయిస్తానని మాటిచ్చిన ఒక కొలీగ్‌కి కలిపే ఇచ్చాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చిన్న పిల్లలు కలిసి ఉండటాన్ని మనం బాండింగ్ అనుకుంటాం. అది బాండింగ్ కాదు, చిన్నతనం. మూడున్నర, నాలుగు నెలలు దాటగానే హార్మోన్లు మొదలవుతాయి. మగా ఆడా అయితే పిల్లలు. రెండు మగవో రెండు ఆడవో అయితే, అప్పటిదాకా కలిసి పడుకున్నవే ఒకరోజు రక్తం వచ్చేలా కరుచుకుంటాయి. షాపులో "రెండూ మగవే" అన్న మాట నమ్మకండి. చిన్న వయసులో తేడా పట్టడం అలవాటున్న వాళ్లకే కష్టం. మగదానికి వృషణాలు దిగేదే సుమారు పది, పన్నెండు వారాలకి. కాబట్టి తెచ్చిన వారంలోనే డాక్టర్‌కి చూపించండి, మూడో నెల నిండేలోపు ఇంకోసారి చూపించండి.

అందుకే మొదటి మెట్టు ఆపరేషన్. మగదానికి సాధారణంగా నాలుగు నెలలు దాటాక, ఆడదానికి ఐదారు నెలలకి చేస్తారు. ఆడదానికి ఇది జత కోసం మాత్రమే కాదు. ఆపరేషన్ లేని ఆడ కుందేళ్లకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా అడగండి, "కుందేళ్లకి ఇదివరకు ఎన్ని ఆపరేషన్లు చేశారండీ?" అని. ఇంకో చిన్న టెస్ట్ చెప్తాను. ముందు రోజు రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉంచమంటే కొంచెం ఆలోచించండి. అది కుక్కలకి, పిల్లులకి చెప్పే మాట. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. ఆపరేషన్ తర్వాత కూడా పది, పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీయే, రేపు చూద్దాం అనుకోవద్దు.

ఒక మెలిక ఉంది. మగదానికి ఆపరేషన్ అయిన మర్నాడే ఆడదాని దగ్గర వదిలేయకూడదు. నాలుగు నుంచి ఆరు వారాల వరకు దానికి పిల్లలు పుట్టించే శక్తి మిగిలే ఉండొచ్చు. పైగా కోపం, కొట్లాట తగ్గడానికి కూడా హార్మోన్లు దిగాలి కదా. ఈ ఆరు వారాలూ క్యాలెండర్‌లో మార్క్ చేసుకోండి.

రెండో మెట్టు, ఎవర్ని తేవాలి? ఆపరేషన్ అయిన మగ, ఆపరేషన్ అయిన ఆడ, ఈ జతే అన్నిటికంటే సులువుగా కుదురుతుంది. ఒకే రకం రెండు కూడా కుదరొచ్చు కానీ ఓపిక ఎక్కువ కావాలి. జాతి, రంగు, సైజు పెద్దగా లెక్కలోకి రావు, స్వభావమే ముఖ్యం. మీది పెత్తనం చేసే రకం అయితే నెమ్మదైన దాన్ని చూడండి. నా సలహా అయితే, షాపులో ఇంకో పసిపిల్లని కొనే బదులు, ఎవరైనా పెంచలేక ఇచ్చేస్తున్న పెద్ద కుందేలుని తీసుకోండి. అది ఆడో మగో ఖాయంగా తెలుస్తుంది, స్వభావం తెలుస్తుంది, ఒక ప్రాణానికి ఇల్లు దొరుకుతుంది. తోడుగా గినీపిగ్‌ని మాత్రం పెట్టకండి. దానికి తిండిలో విటమిన్ సి తప్పనిసరి, కుందేలుకి అక్కర్లేదు. కుందేలు ఒంట్లో జబ్బు చేయకుండా ఉండే ఒక రకం బ్యాక్టీరియా గినీపిగ్‌కి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. పైగా కుందేలు ఒక్క తన్ను తన్నిందంటే అది తట్టుకోలేదు.

కొత్తది వచ్చాక కనీసం రెండు వారాలు వేరే గదిలో పెట్టండి. గజ్జి, విరేచనాలు ఏమైనా ఉంటే అప్పుడే బయటపడతాయి.

మూడో మెట్టు, పక్కపక్కన. రెండు కేజ్‌లు, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ. జాలీలకి జాలీ ఆనించేస్తే ముక్కులు కొరుక్కుంటాయి. రోజు విడిచి రోజు లిట్టర్ ట్రేలు, బొమ్మలు మార్చండి. ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటు కావాలి. తిండి గిన్నెలు జాలీకి దగ్గరగా పెట్టండి. ఎదురుగా కూర్చుని ప్రశాంతంగా తింటున్నాయి, జాలీ పక్కనే పడుకుంటున్నాయి అంటే ముందుకెళ్లొచ్చు.

నాలుగో మెట్టు, ఎవరిదీ కాని చోటు. ఇదే బాండింగ్‌కి ఆయువుపట్టు. లడ్డు తిరిగే హాలు లడ్డు సామ్రాజ్యం, అక్కడ చిట్టి చొరబాటుదారు అవుతుంది. రెండూ ఎప్పుడూ అడుగుపెట్టని చోటు కావాలి. నేను బాత్రూమ్ కడిగి ఆరబెట్టి, జారకుండా పాత బొంత పరిచాను. కొత్తిమీర చల్లి, రెండిటినీ ఒకేసారి వదిలాను. మొదటి రోజు పది నిమిషాలే. అవును, ఇవి ఒకప్పుడు ఒకే గిన్నెలో తిన్న లడ్డూ చిట్టీలే. మూడు నెలలు విడిగా ఉండి, రెండిటికీ ఆపరేషన్లు అయ్యాక, పరాయివాళ్లలా ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

ఇక్కడ ఏది మామూలు, ఏది ప్రమాదం అని తెలియాలి. కొంచెం తరమడం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం, కాస్త బొచ్చు ఊడటం మామూలే. ఎవరు పెద్ద అని తేల్చుకుంటున్నాయి. ఎక్కినప్పుడు తలా తోకా తిరగబడి ఉంటే మాత్రం వెంటనే దించేయండి, మర్మాంగం దగ్గర కరిచే ప్రమాదం ఉంది. చెవులు వెనక్కి అతుక్కుని, తోక పైకి లేచి, రెండూ గుండ్రంగా తిరుగుతున్నాయంటే తర్వాతి సెకనులో యుద్ధమే. చెయ్యి పెట్టకండి, వేలు తెగుతుంది. ముందే ఒక చేట గానీ డస్ట్‌ప్యాన్ గానీ పక్కన పెట్టుకుని మధ్యలో అడ్డం పెట్టండి. కరుచుకుంటే బొచ్చు తీసి చూడండి. పైకి చుక్కంత గాటే కనిపిస్తుంది, లోపల చీము గడ్డకడుతుంది. డాక్టర్‌కి చూపించాల్సిందే.

మంచి గుర్తులు సినిమాలోలా ఉండవు. పట్టించుకోకుండా పక్కపక్కన కూర్చుని ఎవరి మొహం వాళ్లు తుడుచుకోవడమే పెద్ద విజయం. ఒకటి తల వంచి "నన్ను నాకు" అని అడగడం, ఇంకోటి నాకడం, అక్కడి నుంచి దారి సాఫీ. రోజూ కొంచెం కొంచెం టైమ్ పెంచండి, ప్రతిసారీ ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించండి. ఎండాకాలం అయితే తెల్లవారుజామున గానీ రాత్రి గానీ పెట్టుకోండి. కుందేలుకి మనలా చెమట పట్టదు, మన మే నెల ఎండకి వడదెబ్బ తగులుతుంది.

నాకు ఐదు వారాలు పట్టింది. మూడో వారంలో ఒకసారి గట్టిగా కొట్టుకుంటే రెండు రోజులు ఆపి, మళ్లీ పది నిమిషాల దగ్గర మొదలుపెట్టాను. ఒకరోజు నేను బాత్రూమ్ గుమ్మంలో ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగ్‌లో ఉన్నాను. చిట్టి వచ్చి లడ్డు గడ్డం కింద తల పెట్టింది. వాడు రెండు నిమిషాలు ఆలోచించి నాకడం మొదలుపెట్టాడు. ఆ మీటింగ్‌లో ఎవరేం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

చివరి మెట్టు. వరసగా రెండు రోజులు, రాత్రి సహా, మీ కళ్ల ముందు గొడవ లేకుండా ఉంటేనే ఒకే ఇల్లు. పాత కేజ్‌ని వెనిగర్ నీళ్లతో కడిగి, సామాను అటూ ఇటూ మార్చి, అది ఎవరిదీ కాదన్నట్టు చేయండి. జతకి చోటు కూడా కావాలి. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ చెప్పే కనీస కొలత 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటర్ ఎత్తు. షాపులో అమ్మే కేజ్ ఇందులో మూలకి కూడా సరిపోదు. అందుకే మా బాల్కనీ గదికి జాలీ కట్టి మొత్తం వాళ్లకే ఇచ్చేశాను. ఇంకో మాట, తర్వాత ఎప్పుడైనా ఒకదాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రెండోదాన్ని కూడా తీసుకెళ్లండి. వేరే వాసనతో తిరిగొస్తే మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క చూస్తే ఆపరేషన్, ఆరు వారాలు, పరిచయం అన్నీ కలిపి మూడు నాలుగు నెలలు. అంత తీరిక లేదా? తప్పేం లేదు, ఉన్న ఒక్కదానికే రోజూ నేల మీద కూర్చుని టైమ్ ఇవ్వండి, రెండోది తేకండి. నేను మాత్రం షాపువాడు చెప్పింది విని, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టు రెండూ మగవే అని కూర్చున్నాను. దాని ఖరీదు నాలుగు పసి ప్రాణాలు. మీరు ఈ ఆదివారం షాపుకి వెళ్లే ముందు, డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేయండి. మళ్లీ వారం కలుద్దాం, ఉంటాను.