గంటసేపు మాస్టారు

“అర్థమైందా?”

“అర్థమైంది సార్!”

తొమ్మిదో తరగతి గదిలో నలభై గొంతులు ఒక్కసారే లేచాయి. రాగం కూడా ఒకటే, ‘సార్’ దగ్గర చిన్న సాగదీతతో సహా. నేనప్పుడు సివిల్ ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ఏడు రోజుల శిబిరానికి పల్నాడులో ఒక ఊరికి వెళ్లాం. పొద్దున మొక్కలకు పాదులు తీయడం, మధ్యాహ్నం బళ్లో ఒక గంట క్లాసు. నా వంతుకు ‘వంతెనలు’ వచ్చింది. ల్యాప్‌టాప్ నిండా స్లైడ్లు పెట్టుకుని వెళితే తీరా మొదలుపెట్టే వేళకు కరెంటు పోయింది. నోటితోనే లాక్కొచ్చాను. తూములు, కమానులు, గర్డర్లు, వేలాడే వంతెనలు, ప్రకాశం బ్యారేజీ, హౌరా బ్రిడ్జి. ఇలా గంటలో తొమ్మిది అంశాలు.

చివర్లో, ఏం అర్థమైందో చెప్పమని రెండో బెంచీ కుర్రాణ్ని లేపాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తల దించుకున్నాడు. పక్కవాడు ఏదో అందించబోయి, వాడికీ తెలియక ఊరుకున్నాడు.

సాయంత్రం వరండాలో ఆ బడి తెలుగు మాస్టారు బీడీ ఆర్పుతూ అడిగారు. “ఎన్ని చెబుదామనుకున్నావు బాబూ?” తొమ్మిదండీ అన్నాను. “ఎనిమిది నీ దగ్గరే ఉంచుకో. రేపు ఒకటి తీసుకురా.”

కాలేజీ కుర్రాళ్లు బడిపిల్లలకు గంట, రెండు గంటల క్లాసులు చెప్పడం ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న పనే. అందులో బాగా పేరుపడింది అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు నడిపే ‘స్ప్లాష్’. అక్కడి విద్యార్థులు 1957లోనే ఇందుకోసం ఒక సంఘం పెట్టుకున్నారు. స్ప్లాష్ మాత్రం 1988 నుంచి జరుగుతోంది. నవంబరులో ఒక శని, ఆదివారాలు ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలు రెండు వేలకు పైగా ఆ క్యాంపస్ మీద పడతారు. వందల క్లాసులు. సిలబస్ లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. చెప్పేవాడికి ఏది ఇష్టమైతే అది చెప్పొచ్చు, గణితమైనా సరే, ఊలు అల్లికైనా సరే. జాబితా చూసుకుని ఎందులో కూర్చోవాలో పిల్లలే ఎంచుకుంటారు. స్టాన్‌ఫర్డ్ లాంటి మరికొన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే పేరుతో ఇలాంటివి నడుస్తున్నాయి.

వాళ్లను చూసి మనం ముచ్చటపడటంలో ఒక తమాషా ఉంది. చదువుకునేవాళ్లే చదువు చెప్పడం ఇక్కణ్నుంచే ఇంగ్లండుకు వెళ్లిన పద్ధతి. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ మతాధికారి పర్యవేక్షకుడిగా వచ్చాడు. దగ్గర్లోని దేశీ వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూసి, తన బళ్లోనూ అదే పెట్టమన్నాడు. అక్కడి అయ్యవార్లు ఒప్పుకోలేదు. అప్పుడాయన కాస్త పెద్ద పిల్లవాడొకణ్ని పిలిచి చిన్నవాళ్ల మీద మాస్టారుగా పెట్టాడు. పని నడిచింది. 1797లో లండన్‌లో ఆ సంగతి అచ్చువేస్తే, ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు బడులకు పాకింది. ఆ తర్వాత 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ (తెలుగు వ్యాకరణం రాసిన దొర ఈయనే) తన జిల్లాలోని 533 బడుల గురించి పైవాళ్లకు నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. ఆ బడుల లోపాలు ఎత్తిచూపడానికి ఆయనేమీ మొహమాటపడలేదు. అయినా ఒక పద్ధతిని మెచ్చుకున్నాడు. పైమెట్టు పిల్లలు కిందిమెట్టు వాళ్లకు చెబుతూ తమ చదువు గట్టిపరుచుకుంటున్నారని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని రాశాడు. మన వీధి అరుగుల మీద అది వింతేమీ కాదు. అయ్యవారొకడు, పిల్లలు ముప్పైమంది, ఇంకెలా గడుస్తుంది?

కొత్తగా వచ్చిందల్లా, చెప్పేవాడు కాలేజీ నుంచి రావడం, గంట చెప్పి వెళ్లిపోవడం. మన దేశంలో అందుకు గట్టి ఏర్పాటే ఉంది. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. వలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఆ గంటల్లో ఎంత భాగం ఫ్లెక్సీ కట్టడానికి, ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగడానికి పోతుందో ఆ పని చేసినవాళ్లను అడగండి. మా శిబిరంలో ఒకరోజు క్లాసు మధ్యలో ఆపించి, కెమెరా వచ్చిందని మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. పిల్లలు మళ్లీ అన్నారు: “అర్థమైంది సార్!”

తెలుగు మాస్టారు ఒకటే తెమ్మన్న మర్నాటికి నేను తీసుకెళ్లిన సరుకు ఇంతే: పది అగ్గిపెట్టెలు, సైకిలు షాపులో కొన్న వాల్‌ట్యూబు కొంచెం, గుప్పెడు తుమ్మముళ్లు. ఆలోచన నాది కాదు. ఐఐటీ కాన్పూరులో చదివిన అరవింద్ గుప్తా 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి హోషంగాబాద్ పల్లె బడులకు వెళ్లినప్పుడు పుట్టిన ఆట అది. పుల్లల మందు గీకేసి, ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, రెండు వైపులా పుల్లలు గుచ్చితే కీలు తయారు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం.

“రెంటినీ నొక్కి చూడండి” అన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడం ఎంత కష్టమో ఆ పది నిమిషాల్లో తెలిసింది.

చతురస్రం పక్కకు వాలిపోయింది. త్రిభుజం వాలలేదు. గదంతా గోల. రెండో బెంచీ కుర్రాడు, అదే నిన్నటివాడు, వాలిన చతురస్రాన్ని నిలబెట్టి మూల నుంచి మూలకు ఇంకో పుల్ల పెట్టబోయాడు. చాలలేదు. కాసేపు చూసి లేచి వెళ్లి, తలుపు వెనక చీపురులోంచి ఒక పుల్ల లాగి, కొలిచి విరిచాడు. ముల్లుతో కీళ్లకు చిల్లులు పొడిచి అది దూర్చాడు. నొక్కాడు. కదల్లేదు.

“ఐమూల కట్టాలి సార్” అన్నాడు.

ఏమిటన్నావని అడిగాను. వాడు నావైపు జాలిగా చూశాడు. వాళ్ల నాన్న తాపీమేస్త్రీ. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు తాడు పట్టి చూస్తాడట. “రెండు ఐమూలలూ ఒకటే రావాలి సార్. రాకపోతే గది వంకర.” మూడో బెంచీ పిల్ల అందుకుంది, వాళ్ల నులకమంచం ఒకసారి అలాగే వంకరపోయిందని. నేను పదేళ్లుగా ‘కర్ణం’ అని రాస్తున్నాను, సర్వేయింగు పరీక్ష పాసయ్యాను. నా చదువు మొత్తంలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. ఆ గంటలో “అర్థమైందా” అని నేను అడగలేదు. అడిగే సందు వాళ్లు ఇవ్వలేదు కూడా.

నాలుగోరోజు క్లాసులు చెబుతున్న మా నలుగురి అంశాలూ బోర్డు మీద రాసి, ఎవరికి నచ్చిన గదిలో వాళ్లు కూర్చోమన్నాం. గలాటా అవుతుందన్నారు హెడ్మాస్టరు. అయింది. గాలిపటాల గది కిటికీల దాకా నిండింది. ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ చెబుతానన్న మిత్రుడికి ముగ్గురొచ్చారు, అందులో ఒకడు ఫ్యాను కోసం. స్ప్లాష్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మిత్రుడి ముఖం గుర్తొస్తుంది. ఎంచుకునే హక్కు పిల్లల చేతికిస్తే మొదట పరీక్ష రాసేది మాస్టారే. అక్కడి పిల్లలకు ఆ హక్కు ఏటా ఉంది. మా పిల్లలకు ఒక మధ్యాహ్నం దొరికింది, మర్నాడు మళ్లీ గంట కొట్టి కూర్చోబెట్టిన చోటే కూర్చున్నారు.

ఆఖరి రోజు బస్సు బడి గేటు ముందుకొచ్చి ఆగింది. మేస్త్రీ కొడుకు సైకిలు తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. నన్ను చూసి సార్ అనడం మరిచిపోయాడు.

“అన్నా, చక్రం గుండ్రంగా ఉందిగా. ఇందులో త్రిభుజాలేవి?”

నాకు తెలియదన్నాను. పక్కన కూర్చున్నాను. ఊచలు వరసగా లేవు, ఒకదాని మీదుగా ఒకటి ఏటవాలుగా దాటిపోతున్నాయి. అవి దాటే చోట వేలు పెట్టి వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

“ఉండన్నా, ఇంకా సగం ఉంది” అన్నాడు వాడు, చక్రం వదలకుండా.