పెద్ద మేనేజ్‌మెంట్ సంస్థల్లో సీటు: మన అవకాశాన్ని మనమే లెక్కవేసుకోవడం ఎలా?

డిగ్రీ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా అమ్మాయికి ఐ.ఐ.ఎం.లో సీటు వస్తుందా?" అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పడం కష్టం. కానీ కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే ఎవరి అవకాశాన్ని వారే చాలావరకు అంచనా వేసుకోవచ్చు. కోచింగుకు డబ్బు కట్టకముందే, చేతిలో ఉన్న ఉద్యోగం మానకముందే ఈ లెక్క వేసుకోవాలి.

పర్సంటైల్ అంటే శాతం కాదు

ఐ.ఐ.ఎం.ల ప్రవేశానికి ఏటా నవంబరు నెలాఖరున క్యాట్ పరీక్ష జరుగుతుంది. ఇంగ్లీషు పఠనం, డేటా-తర్కం, గణితం అనే మూడు భాగాలు; ఒక్కొక్కదానికి 40 నిమిషాలు. సరైన జవాబుకు 3 మార్కులు, ఎంపిక ప్రశ్నల్లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత. స్కోరు ఆ ఒక్క సంవత్సరానికే చెల్లుతుంది.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరీక్షను సుమారు 3 లక్షల మంది రాస్తున్నారు. 99 పర్సంటైల్ అంటే మనకంటే ముందు ఇంకా దాదాపు 3,000 మంది ఉన్నారని అర్థం. 95 అయితే 15,000 మంది, 90 అయితే 30,000 మంది. అహ్మదాబాదు, బెంగళూరు, కలకత్తా సంస్థల ప్రధాన రెండేళ్ల కోర్సుల సీట్లు మూడూ కలిపినా ఇంచుమించు 1,400. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే పోటీ ఎంతో తెలుస్తుంది. అలాగని భయపడనక్కరలేదు. సగం మార్కులు రాకుండానే 99 పర్సంటైల్ వచ్చిన సంవత్సరాలున్నాయి. అన్నీ రాయడం కాదు, రాసినవి తప్పు లేకుండా రాయడం ముఖ్యం.

మారనివి, మార్చుకోగలిగినవి

కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఇక మార్చలేనివి రాయండి: పదో తరగతి, పన్నెండో తరగతి మార్కులు. కుడివైపు ఇంకా చేతిలో ఉన్నవి: డిగ్రీలో మిగిలిన సెమిస్టర్లు, క్యాట్ స్కోరు, ఉద్యోగానుభవం, ఇంటర్వ్యూ.

ఎడమవైపు అంకెలు చాలామంది మరిచిపోతారు. అహ్మదాబాదు సంస్థ పది, పన్నెండు, డిగ్రీ మార్కులకూ అనుభవానికీ ఒక రేటింగు వేసి క్యాట్ స్కోరుతో కలుపుతుంది. బెంగళూరు సంస్థ కూడా పదో తరగతి నుంచి లెక్కలోకి తీసుకుంటుంది. ఉదాహరణకు ఒకరికి వరుసగా 92, 90, 78 శాతం, మరొకరికి 68, 65, 62 శాతం ఉన్నాయనుకుందాం. ఇద్దరికీ 98 పర్సంటైల్ వచ్చినా ఒకే చోటినుంచి పిలుపు రాదు. రెండోవారు మొదటి మూడు సంస్థలపైనే ఆశ పెట్టుకుంటే ఏడాది వృథా కావచ్చు. క్యాట్ స్కోరుకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చే సంస్థలను వెతికి దరఖాస్తు చేస్తే మంచి సీటే దొరకవచ్చు.

సంస్థలు ప్రకటించే కనీస పర్సంటైల్ కేవలం అర్హత. అసలు పిలుపులు అంతకంటే పైనే ఆగుతాయి. పైగా ప్రతి భాగానికీ విడిగా కనీసం ఉంటుంది. మొత్తం మీద 97 వచ్చినా గణితంలో బాగా తగ్గితే పిలుపు రాకపోవచ్చు. నమూనా పరీక్షలు రాసేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ వచ్చిన స్కోరును కాక, చివరి ఐదింటి సగటును, అన్నిటికంటే బలహీనమైన భాగాన్ని చూసి అంచనా వేసుకోండి.

మనవారు ప్రత్యేకంగా గమనించవలసినది

ఐ.ఐ.ఎం.లలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, క్రీమీలేయర్ కాని ఓబీసీలకు 27, ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. ఓబీసీలకు వర్తించేది కేంద్ర జాబితా. అది రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక కులం ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్నంత మాత్రాన కర్ణాటక జాబితాలోనో తమిళనాడు జాబితాలోనో ఉంటుందని అనుకోకూడదు. తరాలుగా హోసూరులో స్థిరపడిన కుటుంబం తమిళనాడు జాబితానే చూసుకోవాలి. యానాం వారికి గోదావరి అవతలి జాబితా కాదు, పుదుచ్చేరి జాబితా.

కర్ణాటకలోని 2ఏ, 3ఏ వర్గాలు, తమిళనాడులోని బీసీ, ఎంబీసీ వర్గాలు రాష్ట్ర ప్రభుత్వాల విభజన. ఆ పత్రం ఇక్కడ సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే తహశీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. క్యాట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో తీసుకుంటారు. తరువాత కేటగిరీ మార్చరు. కాబట్టి జూన్ నెలలోనే పత్రం పని మొదలుపెట్టండి. చేతికందిన సీటు కాగితం వల్ల పోవడం కంటే బాధ మరొకటి లేదు.

ఒకే తలుపు తట్టవద్దు

క్యాట్‌తో ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఎఫ్.ఎం.ఎస్.కు కూడా దరఖాస్తు చేయవచ్చు. అక్కడ ఫీజు ఐ.ఐ.ఎం.లతో పోలిస్తే చాలా తక్కువ. జనవరిలో జరిగే జాట్ పరీక్ష జంషెడ్‌పూర్ ఎక్స్.ఎల్.ఆర్.ఐ.కి, భువనేశ్వర్‌లోని జేవియర్ సంస్థకు దారి. సోలాపూరు, ముంబయి మనవారికి మహారాష్ట్ర సీఈటీ ద్వారా జమ్నాలాల్ బజాజ్ సంస్థ ఉంది. హైదరాబాదు ఐ.ఎస్.బి. ఏడాది కోర్సుకు ఉద్యోగానుభవం, జీమ్యాట్ లేదా జీఆర్ఈ స్కోరు కావాలి. ఇంటికి దగ్గరలో తిరుచ్చి (2011), విశాఖపట్నం, సంబల్‌పూర్, నాగపూర్ (2015) ఐ.ఐ.ఎం.లు ఉన్నాయి. జాబితాలో కష్టమైనవి రెండు, అందుబాటులో ఉన్నవి మూడు, నమ్మకమైనవి రెండు ఉంటే నిశ్చింత.

ఖర్చు లెక్క

పాత ఐ.ఐ.ఎం.లలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. ఆ అంకె చూసి వెనుకాడవద్దు. పేరున్న సంస్థల్లో సీటు వస్తే బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకుండానే రుణమిస్తాయి. సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక సంవత్సరం వరకు వాయిదాలు మొదలు కావు. అయితే వడ్డీ మొదటి రోజునుంచే పెరుగుతుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు వార్షికాదాయం గల కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీకి వీలుంది. పేరు లేని కాలేజీలో చేరేందుకు పెద్ద అప్పు చేసేముందు మాత్రం, అక్కడ చదివి ఉద్యోగం చేస్తున్న నలుగురి అసలు జీతాలు కనుక్కోండి. నెలవాయిదా ఆ జీతంలో మూడోవంతు దాటితే మరొకసారి ఆలోచించండి.

మార్కులు తక్కువని ముందే నిరాశ పడడం, ఎక్కువని ధీమా పడడం రెండూ తగవు. కాగితం మీద ఎడమవైపు ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకుని, కుడివైపు ఉన్నదాని కోసం కష్టపడే విద్యార్థికి ఎక్కడో ఒకచోట తప్పక చోటు దొరుకుతుంది.