మీకు తెలుసా? బక్కపిల్లలకే ఎక్కువ ముప్పు!

చిన్నప్పుడు బక్కగా ఉండి, ఎదిగే కొద్దీ ఒళ్లు చేసినవాళ్లకే షుగరు ముప్పు ఎక్కువని రాయవేలూరు లెక్కలు తేల్చాయి.

1969–73 మధ్య రాయవేలూరు పట్టణంలోనూ, గుడియాత్తం దారిలోని కె.వి. కుప్పం పల్లెల్లోనూ పుట్టిన బిడ్డల బరువు, పొడవు అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రి బృందం రాసిపెట్టుకుంది. వాళ్లలో 2,218 మందిని సగటున 28 ఏళ్ల వయసులో పరీక్షిస్తే, 62 మందికి షుగరు వ్యాధి ఉంది. మరో 362 మంది దాని గడప దాకా వచ్చేశారు. ఇరవై ఎనిమిదేళ్లకే!

అసలు తమాషా గణాంకాల్లో ఉంది. పుట్టినప్పటి బరువును విడిగా చూస్తే షుగరుతో నేరుగా ఏ సంబంధమూ కనబడలేదు. పెద్దయ్యాక ఎత్తుకు తగ్గ బరువు ఎంత అన్నదాన్ని కూడా లెక్కలోకి తెచ్చాక, అంటే ఇప్పుడు ఒకే ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లను పోల్చి చూశాక, తక్కువ బరువుతో పుట్టినవారికే ముప్పు ఎక్కువని బయటపడింది.

గుండె సంగతికొస్తే మైసూరు చూడాలి. అక్కడి మిషన్ ఆసుపత్రిలో పుట్టి పెద్దయినవారిలో, పుట్టుక బరువు రెండున్నర కిలోలకు మించనివారిలో నూటికి 11 మందికి గుండె ధమనుల జబ్బు ఉంది, 3.1 కిలోలు, ఆపైన ఉన్నవారిలో ముగ్గురికే. ఇది 1996లో ‘లాన్సెట్’లో వచ్చింది.

మరి తొలినాళ్లలో మంచి తిండి పెడితే తేడా ఉంటుందా? మన హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987–90 మధ్య గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ అదనపు ఆహారం పెట్టారు. ఆ ఊళ్ల పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చేసరికి, ఆ ఆహారం అందని ఊళ్లవారికన్నా రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది.