తల్లిలేని పిల్లికూన

మన పెద్దలు శరణాగతిని గూర్చి చెప్పునపుడు రెండు న్యాయములను చూపుదురు. మర్కటకిశోరన్యాయమున కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొని యుండును. మార్జాలకిశోరన్యాయమున పిల్లికూన యేమియు చేయదు. తల్లియే దానిని నోట గరచుకొని చోటు మార్చుచుండును. శ్రీవైష్ణవులలో తెంగలైవారు భగవత్కృపకు ఈ రెండవ దృష్టాంతమునే చెప్పుదురు. చిన్ననాట మా తండ్రిగారి యొద్ద ఈ మాట విన్నపుడు నాకే సందేహమును కలుగలేదు. మొన్నటి భాద్రపదమున గలిగినది. ఏమియు చేయనేరని యా కూనకు తల్లియే లేకపోయినచో దాని గతి యేమి?

మావారు ఉపాధ్యాయులు. ఒకనాటి యుదయమున వారి శిష్యుడొకడు వర్షములో తడియుచు, రెండు పిల్లికూనలను తువ్వాలున చుట్టి మా యింటికి తెచ్చెను. వాని తల్లి ముందురాత్రి లారీక్రింద పడి చచ్చినదట. కూనల కన్నులు తెరువబడలేదు. చెవులు తలకంటుకొని యున్నవి. ఎండిన బొడ్డుత్రాడింకను వ్రేలాడుచున్నది. మా అత్తగారు చూచి, "అమ్మాయీ! ఎదురైనంతనే వెనుదిరిగి వచ్చి, కూర్చుండి మంచినీళ్లు త్రాగి మరల బయలుదేరుదుమే, ఆ జాతినా యింటిలోనికి తెచ్చుట?" అనిరి. పిల్లియనగా నాకును నీతిచంద్రికలోని దీర్ఘకర్ణుని కపటతపస్సే జ్ఞప్తికి వచ్చుచుండెడిది. కాని యా బాలుడు ద్వారముకడ నిలిచి నా ముఖమునే చూచుచుండెను. కాదనలేకపోతిని.

ఇద్దరు బిడ్డలను పెంచినదానను, నాకు తెలియనిదేమున్నదని తలచితిని. ఆవుపాలు కాచి చల్లార్చి, ఉగ్గుగిన్నె తీసి, కాళ్లు చాచుకొని కూర్చుండి, చిన్నకూనను వెలికిల పరుండబెట్టి, మన బిడ్డలకు పోసినట్లే పోసితిని. అది రెండు గుటకలు మ్రింగి ఉక్కిరిబిక్కిరి యయ్యెను. పాలు ముక్కున వచ్చెను. రాత్రియెల్ల రొప్పి, తెల్లవారకమునుపే ప్రాణము విడిచెను. తెల్లవారినంతనే రెండవదానిని పశువైద్యుని యొద్దకు గొనిపోతిమి. ఆయన నన్ను నిందింపలేదు. అడిగినవన్నియు విని, నేను చేసిన తప్పులు మూడని చెప్పిరి. చల్లబడిన కూనకు పాలుపోయుట మొదటిది, వెలికిల పరుండబెట్టుట రెండవది, ఆవుపాలు మూడవది. ప్రేమలేక కాదు, తెలియక చేసితిని. కాని పోయిన ప్రాణమునకు ఆ రెంటికిని భేదమేమి? ఆ తప్పు మరియొక యింట జరుగకుండుటకై యీ నాలుగు మాటలును వ్రాయుచున్నాను.

సోదరులు గాని సోదరీమణులు గాని, కూన కనబడినంతనే చేతిలోనికి తీసికొనరాదు. తల్లి నిజముగా లేదా యని మొదట తెలిసికొనవలెను. తల్లిపిల్లి ఆహారమునకై పోవుట గలదు. కూనలను ఒక్కొక్కటిగా వేరొక చోటికి చేర్చుచు నడుమ నుండుటయు గలదు. కూనలు వెచ్చగా నుండి, పొట్టలు నిండి, సద్దుచేయక నిద్రించుచున్నచో తల్లి సమీపముననే యున్నదని తెలియనగును. దూరముగా నిలిచి కొన్నిగంటలు కనిపెట్టవలెను. చుట్టును బియ్యపుపిండి పలుచగా చల్లియుంచినచో తల్లి వచ్చిపోయిన యడుగులు దానిపై కనబడును. మనుష్యులు తాకినంతమాత్రమున తల్లి విడిచిపెట్టునను మాటను నమ్మనక్కరలేదు. ఒళ్లు చల్లబడి, మురికిపట్టి, ఎడతెగక యరచుచున్నవానిని మాత్రము ఆలసింపక తీసికొనవలెను. పాలిచ్చు పిల్లి మరియొకటి దొరికి దగ్గరకు రానిచ్చినచో అంతకంటె మేలు లేదు.

తరువాత చేయవలసినది పాలు కాదు, వెచ్చదనము. మొదటివారమున పిల్లికూనకు చలిచే వణకి వేడి పుట్టించుకొను శక్తి యుండదు. ఒళ్లు చల్లబడినపుడు ప్రేగులు పనిచేయవు. అప్పుడు పోసిన పాలు జీర్ణముగాక ప్రాణాపాయము కలిగించును. వైద్యుడు మా కూనను నా కొంగున చుట్టి యొడికి హత్తుకొనియుండుమనిరి. ఇంట నొక యట్టపెట్టెలో మెత్తని పాతబట్టలు పరచి, వేడినీటి సీసాను గుడ్డచుట్టి ఒకప్రక్క నుంచితిని. రెండవప్రక్క ఖాళీగా విడువవలెను. వేడి యెక్కువైనచో కూన ప్రాకి తొలగుటకు చోటుండవలెను గదా. మొదటివారమున కూన యున్నచోట 29 మొదలు 32 డిగ్రీల సెంటీగ్రేడు వేడి యుండుట మంచిది.

ఇక పాలు. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలలోకంటె రెండింతలకు పైగా నుండును. ఆవుపాలు కూనకు చాలవు సరిగదా, విరేచనములు పట్టించి, ఒంటిలోని నీటినంతను హరించును. పిల్లికూనల కొరకై తయారుచేసిన పాలపొడి పశువుల మందులయంగళ్లలో దొరకును. దానిని డబ్బాపై వ్రాసిన పాళ్లలో గోరువెచ్చని నీట కలిపి, మణికట్టుపై ఒక చుక్క వేసికొని వేడి చూడవలెను. సూది తీసివేసిన చిన్న సిరంజిగాని, ఇందులకై యమ్ము బుల్లిసీసాగాని చాలును. కూనను బోర్లనే యుంచవలెను. అది తల్లి పొట్టయొద్ద ఎట్లు పరుండునో, అట్లే నాలుగుకాళ్లును క్రిందికి, తల కొంచెము పైకి. పాలు చుక్కచుక్కగా దాని చప్పరింపును బట్టి రావలెనుగాని, మనము తొందరపడి నొక్కరాదు. నూరు గ్రాముల బరువుగల కూన కడుపున ఒక్కమారునకు 4 మిల్లీలీటర్లకు మించి పట్టదు. కావున మొదటివారమున రెండుమూడు గంటల కొకమారు, రెండవవారమున మూడు నాలుగు గంటల కొకమారు, రాత్రియని చూడక పట్టవలెను.

చాలమంది యెరుగని సంగతి యొకటి కలదు. పసికూన తనంతట తాను మలమూత్రములు విడువజాలదు. తల్లి నాకుటచేతనే యవి వెలువడును. మనము గోరువెచ్చని నీట తడిపిన దూదితో పాలుపట్టినప్పుడెల్ల ఆ తావున మెల్లగా నిమురవలెను. ఇది సుమారు మూడు వారముల వరకు తప్పదు. దీనిని మరచినచో ఎంత చక్కని పాలు పోసినను ఫలము లేదు.

ప్రతిదినమును ఒకే వేళకు వంటింటి త్రాసుపై తూచి, కాగితమున వ్రాసియుంచితిని. పుట్టినపుడు కూన సుమారు నూరు గ్రాము లుండును. దినమునకు పది గ్రాములకు తక్కువ కాకుండ పెరుగుచు, రెండువారములకు పుట్టినప్పటికి రెట్టింపు కావలెను. ఒకదినము బరువు పెరుగకున్న జాగ్రత్తపడవలెను. తగ్గినచో నాడే వైద్యునికి చూపవలెను.

మరి కొన్ని హెచ్చరికలు. జ్వరమునకు మనము వాడు పారసిటమాల్ పిల్లులకు విషము, చిన్నతునకయు నీయరాదు. ఈగలవలె గుంపుగా పట్టు గోమారులు పసికూన రక్తమును పీల్చి చంపగలవు. కాని కుక్కలకై యమ్ము పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకము. సన్నదువ్వెనతో దువ్వి తీయుటయే క్షేమము. పిల్లి గీచినను కరచినను, ఆ గాయమును సబ్బునీట పదునైదు నిమిషములు కడిగి, రేబిస్ టీకాకై వైద్యాలయమునకు పోవలెను. నట్టలకు మందును, ఆరెనిమిది వారముల ప్రాయమున టీకాలును వైద్యుడు చెప్పినట్లు వేయింపవలెను.

మా కూన తొలినాడు 110 గ్రాములు తూగెను. మూడవరాత్రి రెండుగంటలవేళ నేను మేలుకొనలేకపోతిని. ఉలికిపడి లేచి చూచునప్పటికి దీపము వెలుగుచున్నది. మా అత్తగారు కూనను ఒడిలో బోర్లనుంచుకొని సిరంజి పట్టుచు, "నీవు చెప్పినట్లే పట్టుచున్నాను, పరుండుము" అనిరి. పదియవదినమున కన్నులు తెరచెను. పసికూనల కన్నులన్నియు నట్లే నీలముగా నుండునట. నాలుగవవారమున మెత్తని యాహారము నాకుట నేర్చి, ఇసుకపళ్లెమును తానే వెదకుకొనెను. ఆడుపిల్లి నాలుగైదు నెలలకే చూలు ధరింపవచ్చును గనుక, సంతానము కలుగకుండ శస్త్రచికిత్సయు చేయించితిమి. వీధులలో తల్లిలేని కూనలు తగ్గుటకు అంతకంటె మంచియుపాయము వేరొకటి లేదు.

కూనను తెచ్చిన బాలుడు బడివిడిచిన పిమ్మట దినమును వచ్చి చూచిపోవుచుండును. రెండవదాని సంగతి యొక్కసారి యడిగినాడు. నా తప్పువలననే పోయినదని చెప్పితిని. వాడు కొంతసేపూరకుండి, "దీనికి నేర్చుకొన్నారు గదండీ" అనెను. ఈ వ్యాసము చదివిన యే సోదరికైనను మొదటికూనయే దక్కినచో నా శ్రమ సఫలమని తలంతును.